అత్త ఎక్కితేనే కిర్రుమనే కారు

మా మామయ్యకి కారు కనపడనక్కర్లేదు, వినపడితే చాలు. వీధి మలుపులో ఉండగానే "ముందు చక్రం బేరింగు పోయింది, వస్తున్నాడు చూడు" అంటాడు. బండి వచ్చి గ్యారేజీ ముందు ఆగాక విప్పి చూస్తే అదే. స్టీరింగు తిప్పినప్పుడు టకటకమంటే యాక్సిల్ జాయింటు అరిగిందని, మూలిగితే పంపులో ఆయిలు తగ్గిందని, గతుకులో ఠప్పుమంటే రాడ్డు చివర వదులైందని కళ్లు మూసుకుని చెప్పేస్తాడు. ఇంటికొస్తే మాత్రం ఆ చెవులకి సెలవు. మా అత్త ఒకే మాట మళ్లీ మళ్లీ చెబితే గాని "ఊఁ?" అనడు.

ఇది మామయ్య కథ అనుకునేరు. కాదు, అత్త కథ. ఆయన ఎక్కడైనా అందరికన్నా ముందొచ్చి నిలబడే మనిషి కాబట్టి ఇక్కడా ముందే దూరాడు.

అత్త మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. నేను వాళ్ల మేడ మీది గదిలో ఉంటూ దగ్గర్లోని బడిలో లెక్కలు చెబుతాను. వాళ్లిద్దరి మధ్య తగువొస్తే నన్నే తీర్పు చెప్పమంటారు. నేను ఎటూ మొగ్గనని వాళ్ల నమ్మకం. నిజానికి పుట్టినప్పటి నుంచీ నేను అత్త పక్షమే, ఆ సంగతి మామయ్యకి ఇంకా తెలియదు.

అత్త పెద్దాసుపత్రిలో పిల్లల వార్డుకి ల్యాబ్ టెక్నీషియన్. పిల్లల చేతుల్లోంచి పరీక్షకి రక్తం తీయడం ఆవిడ పని. సూదిని వెనక దాచుకుని "ఏం లేదమ్మా, ఏం లేదు" అని మాయచేసే రకం కాదు. ఎదురుగా పట్టుకుని చూపిస్తుంది. "ఇదిగో, దీని పేరు చీమ. ఒక్కసారి కుడుతుంది. కుట్టాక దాన్ని నీ ఇష్టమొచ్చినట్టు తిట్టుకోవచ్చు. ఏం తిడతావో ఇప్పుడే ఆలోచించి పెట్టుకో" అంటుంది. పిల్లాడు గట్టి తిట్టు కోసం బుర్ర గోక్కుంటుండగానే పని అయిపోతుంది. తర్వాత చీమకి పడే తిట్లు విని వార్డంతా నవ్వుతుంది. ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ చీమాంటీయే.

మనిషి కూడా ఆ పేరుకి తగ్గట్టే ఉంటుంది. మామయ్య నిచ్చెనంత ఉంటాడు. పెళ్లి ఫోటోలో అత్త నిలబడ్డ స్టూలు కనపడకుండా ఉండాలని ఆ ఫోటోగ్రాఫరు నానా తంటాలూ పడ్డాడట. అయినా దాని కాలొకటి కనపడుతూనే ఉంటుంది.

ఆ వసంతంలో ఆసుపత్రివాళ్లు పిల్లల వార్డుని ఊరి బయట కట్టిన కొత్త భవనంలోకి మారుస్తామన్నారు. డ్యూటీ తెల్లవారగానే మొదలు. ఆ వేళకి అటు బస్సు లేదు. మామయ్య దింపుదామంటే, రాత్రంతా తిరిగిన టాక్సీలు మరమ్మతుకొచ్చేది సరిగ్గా అప్పుడే, గ్యారేజీ షట్టరు ఎత్తాల్సింది ఆయనే. రాలేనన్నవాళ్లకి పాత భవనంలోనే కౌంటరు పని ఇస్తామన్నారు. కిటికీ వెనక కూర్చుని సీసాలకి చీటీలు అంటించడం అన్నమాట. అక్కడ పిల్లలు ఉండరు, చీమా ఉండదు.

"చీటీలు అంటించడానికైతే నేనెందుకు, కాస్త జిగురు చాలు" అంది అత్త, ఆ రోజే వెళ్లి డ్రైవింగు స్కూల్లో చేరిపోయింది. ఇంట్లో ఇంత పెద్ద మెకానిక్కుని పెట్టుకుని బయట నేర్చుకోవడమేమిటని మామయ్య మూతి ముడుచుకున్నాడు. "మీ దగ్గర నేర్చుకుంటే నాకు డ్రైవింగు వచ్చేలోపు మీకు బీపీ వస్తుంది" అంది. అంత వయసులో నేర్చుకుంటూ కూడా మొదటిసారికే లైసెన్సు తెచ్చుకుంది. ఆ సాయంత్రం మా ఇంటి కారులో నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పింది. నాకు గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. రెంటిలో ఏది ఎక్కువో చెప్పను.

అప్పుడే మొదలైంది ఆ చప్పుడు. స్టీరింగు ఏ పక్కకి కాస్త ఎక్కువ తిప్పినా, ఎవరో కొత్త చెప్పులేసుకుని డాష్‌బోర్డు కింద నడుస్తున్నట్టు కిర్ర్ర్‌మనేది. చిన్న చప్పుడే. కానీ కొత్తగా తోలేవాళ్లకి చిన్న చప్పుడంటూ ఉండదు. అత్త ప్రతి మలుపులోనూ ఉలిక్కిపడి బ్రేకు తొక్కేది, వెనకవాళ్లు హారన్లు మోగించేవాళ్లు. ఊరి బయటి రోడ్డులో పెద్ద లారీల మధ్య అలా బ్రేకు తొక్కితే ఏమవుతుందో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

మామయ్య కారు తీసుకుని వీధి చివరి దాకా వెళ్లొచ్చాడు. "నిక్షేపంలా ఉంది" అన్నాడు.

మర్నాడు అత్త తోలింది, కిర్రుమంది. మామయ్య తోలాడు, నోరెత్తలేదు. అయినా భార్య మాట తీసిపారేశాడని అనిపించుకోకూడదని బెల్టు మార్చాడు. కారుని జాకీ మీద ఎత్తి ముందు చక్రాల దగ్గర రబ్బరు తొడుగులన్నీ తడిమి చూశాడు. షాక్ అబ్జార్బరు పైన బేరింగుకి గ్రీజు పెట్టాడు. పంపులో ఆయిలు చూశాడు. ప్రతిసారీ తనే తోలి చూసుకుని తృప్తిగా దిగాడు. ప్రతిసారీ అత్త ఎక్కగానే అది మళ్లీ కిర్రుమంది. గ్యారేజీలో పనివాళ్లు ముసిముసిగా నవ్వుకుంటున్నారని ఆయనకి తెలిసిపోయింది. "బండికి కూడా అక్కగారే కావాలంట, మన మేస్త్రీతో మాట్లాడదంట" అని ఒకడు అన్నాడట.

నేనూ విన్నానని సాక్ష్యం చెప్పబోయాను. "నీకు స్పానరుకీ చెంచాకీ తేడా తెలియదు, నువ్వూరుకో" అన్నాడు. ఆ మాట నిజమే గాని, చెవులకి స్పానరుతో పనేముంది?

ఆ గ్యారేజీలో ఆయనకో పట్టుదల ఉంది, అది చెప్పాలి. ఎవరి బండి ఎక్కినా, దిగేటప్పుడు అన్నీ ఎలా ఉన్నవి అలా పెట్టి దిగాలి. సీటు, అద్దాలు, రేడియో, అన్నీ. కస్టమరు వచ్చి కూర్చుంటే తన బండిలో పరాయివాడు కూర్చున్నట్టే తెలియకూడదంటాడు. కొత్తగా చేరినవాళ్లకి మొదట నేర్పేది అదే, ఇంజను తర్వాత. సీటు ఎక్కడుందో సుద్దముక్కతో గీత గీయించి మరీ ఎక్కిస్తాడు. ఊళ్లో ఆయనకి అంత పేరు రావడానికి చెవి ఎంత కారణమో ఈ చాదస్తమూ అంతే కారణం.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర అత్త మళ్లీ ఆ సంగతి ఎత్తింది. మామయ్యకి విసుగొచ్చింది.

"చూడు, మొత్తం బండి విప్పి బిగించాను. దాంట్లో ఏమీ లేదు. అది బండి చప్పుడు కాదు, నీ భయం చప్పుడు."

అత్త చేయి కడుక్కుని లేచిపోయింది. దెబ్బలాడితే బాగుండేది, అత్త దెబ్బలాడకుండా లేచిందంటే లోపల ఎక్కడో తెగిందన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది. మామయ్య నీళ్ల గ్లాసు ఆయనకి అందకుండా అవతలికి జరిపేశాను. అంతకన్నా పెద్ద శిక్ష ఆ క్షణంలో తోచలేదు.

సోమవారం నుంచి కొత్త భవనంలో పని మొదలు, వస్తావో రావో శనివారం సాయంత్రంలోగా చెప్పమని ల్యాబు ఇన్‌ఛార్జి అత్తకి గడువు పెట్టింది. శనివారం మధ్యాహ్నం నేను కిందికి దిగేసరికి అత్త ఫోను చేతిలో పట్టుకుని వంటగదిలో కూర్చుని ఉంది.

"రాలేనని చెప్పేస్తున్నానే" అంది. "ఆయన చెప్పింది నిజమేనేమో. భయమే అయ్యుంటుంది. పొద్దున్నే ఆ రోడ్డు మీద నేను బ్రేకు తొక్కి ఎవరి ప్రాణం మీదికైనా తెస్తే? ఆ పిల్లలకేం, ఇంకో చీమ దొరుకుతుంది."

ఎప్పుడూ అందరినీ నవ్వించే మనిషి కళ్లనీళ్లు పెట్టుకుంటే చూడ్డం నావల్ల కాదు. ఫోను లాక్కుని తిన్నగా ముందు గదిలోకి వెళ్లాను. మామయ్య బోంచేసి పేపరు చదువుతున్నాడు.

"మామయ్యా, అత్త తోలుతుంటే నువ్వెప్పుడైనా పక్కన కూర్చున్నావా?"

"నేనా? పక్క సీట్లోనా? నాకు కడుపులో తిప్పుతుంది."

"కారు తోలితే తిప్పనిది పక్కన కూర్చుంటే తిప్పుతుందా?"

"ఎవరి అలవాటు వాళ్లది."

"అలవాటు కాదు, భయం. నిన్న అత్తకి అంటగట్టావు చూడు, అది నీదే."

నాకు ముక్కు మీద కోపమని అందరికీ తెలుసు గాని, ఆయన ముందు గొంతు లేపడం అదే మొదలు. మామయ్య పేపరు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, లేచి చెప్పులేసుకున్నాడు.

"పదండి. ఎవరిది భయమో తేలిపోతుంది."

అత్త కళ్లు తుడుచుకుని వచ్చి ఎక్కింది. సీటు బర్రున ముందుకి లాక్కుంది, అద్దం సర్దుకుంది, ఇంకేవో సర్దుకుంది. మామయ్య పక్కన కూర్చుని పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. బండి ఇంకా కదలనే లేదు. నేను వెనక కూర్చున్నాను, నవ్వితే ఎక్కడ దింపేస్తాడోనని పెదవి కొరుక్కుంటూ.

వీధి చివర అత్త స్టీరింగు తిప్పింది.

కిర్ర్ర్.

మామయ్య పిడి వదిలేశాడు. మొహంలో భయమంతా ఎగిరిపోయింది. ఆ మొహం నాకు తెలుసు, గ్యారేజీలో కొత్త బండి వచ్చినప్పటి మొహం అది.

"ఇంకోసారి తిప్పు."

కిర్ర్ర్.

"ఆపు, ఆపు! దిగు. నేను చూస్తాను."

అత్త పక్కకి ఆపి దిగింది. ఆయన అటు తిరిగొచ్చి ఎక్కి స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ తిప్పాడు. బండి పెద్దమనిషిలా కూర్చుంది.

"చూశారా?" అంది అత్త రోడ్డు మీద నిలబడి. "నేనంటేనే దానికి పడదు."

"నువ్వెక్కు."

ఈసారి మామయ్య లోపల కూర్చోలేదు. అత్త ఎక్కాక, తెరిచిన తలుపు దగ్గర మోకాళ్ల మీద కూలబడి, చెవి స్టీరింగు కింద పెట్టడానికి వంగాడు. అత్త సీటు ముందుకి లాగింది. ఆయన తల మీదుగా చేయి పోనిచ్చి స్టీరింగు కిందున్న చిన్న పిడిని నొక్కి, స్టీరింగుని ఒళ్లోకి దించుకుంది.

"ఆగాగు. ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను? కూర్చున్నాను."

"అది కాదు. చేత్తో ఏదో చేశావు."

"స్టీరింగు కిందికి దించుకున్నాను. మీరు పెట్టినట్టే ఉంటే నాకు రోడ్డు కనపడొద్దూ? ఆకాశం కనపడుతుంది."

"మరి ఇందాక నేనెక్కినప్పుడు పైకే ఉందే?"

"దిగేటప్పుడు నేనే ఎత్తి పెట్టాను. సీటు కూడా వెనక్కి జరిపాను. రోజూ అంతేగా. ఎక్కినవాళ్లు ఎలా ఉన్నది అలా పెట్టి దిగాలని ఊరందరికీ పాఠాలు చెబుతారుగా, మీ రూలే!"

మామయ్య మోకాళ్ల మీద నుంచే తల ఎత్తి ఆ చిన్న పిడి వంక చూశాడు. ఊళ్లో ఎవరి బండిలోనూ తన జాడ మిగలకూడదని పట్టుబట్టిన మనిషికి, సొంత ఇంట్లో పెళ్లాం జాడ మిగలకుండా దిగుతోందని తట్టలేదు. ఆయన తోలి చూసిన ప్రతిసారీ ఆవిడ అంతకుముందే అన్నీ ఆయనకి తగ్గట్టు సర్దేసి, ఆ చప్పుడిని కూడా సర్దేసింది.

"దిగు" అన్నాడు. "ఏదీ ముట్టుకోకు. ఒక్కటి కూడా కదపకు."

తర్వాత జరిగింది మా వీధివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత పొడుగు మనిషి అత్త సీట్లోకి ఎక్కాడు. ముందు తల పట్టింది, కాళ్లు పట్టలేదు. కాళ్లు దూర్చాక తలకి చోటు లేదు. ఎలాగో మడతపడి కూర్చునేసరికి మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, స్టీరింగు మోకాళ్ల మధ్య ఉంది. ఎదురు కొట్లో టైలరు కత్తెర చేత్తో పట్టుకునే బయటికొచ్చి నిలబడ్డాడు. మామయ్య ఎవరినీ పట్టించుకోలేదు. స్టీరింగు తిప్పాడు.

కిర్ర్ర్.

"అబ్బ! ఎంత బాగా వినపడుతోంది!" అని అరిచాడు, పోయిన ఉంగరం దొరికినంత సంతోషంగా. మళ్లీ తిప్పాడు. మళ్లీ కిర్రు. నవ్వుతూ తిప్పుతూనే ఉన్నాడు. అత్త నవ్వాపుకోలేక కారు బానెట్టు మీద వాలిపోయింది.

అక్కడి నుంచి ఎంతోసేపు పట్టలేదు. టార్చి తెప్పించి, వీపు కింద గోనెపట్టా వేసుకుని పెడళ్ల దగ్గర తల దూర్చాడు. స్టీరింగు రాడ్డు కారు నేలలోంచి ఇంజను వైపు వెళ్లే చోట ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. స్టీరింగు పైకి ఉన్నంతసేపూ రాడ్డు దాని మధ్యలోంచి హాయిగా తిరుగుతోంది. కిందికి దించితే రాడ్డు వాలు మారి, ఎండిపోయిన ఆ రబ్బరు ఒక పక్క దానికి ఒరుసుకుంటోంది. అంతే రోగం. వేలి కొసంత గ్రీజు, అదీ రబ్బరుని తినెయ్యని రకం, లోపల చుట్టూ రాశాడు. రబ్బరు ఎక్కడా చిరగలేదని, రాడ్డు వదులు లేదని లాగి చూశాడు.

"ఇప్పుడు తిప్పు" అన్నాడు కింద నుంచే.

అత్త వంగి బయటి నుంచే స్టీరింగు పట్టుకుని తిప్పింది. టైలరుతో సహా అందరం ఊపిరి బిగబట్టాం. ఏమీ వినపడలేదు. టైలరు చప్పట్లు కొట్టి లోపలికి వెళ్లిపోయాడు.

మామయ్య బయటికొచ్చి గుడ్డకి చేతులు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచినా ఆ చేతులు మారవు, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"నిన్న అన్నానే, ఆ మాట..." అన్నాడు తల ఎత్తకుండా. "తప్పయిపోయింది. బండిని వంద రకాలుగా విన్నాను, నిన్ను ఒక్కసారి కూడా వినలేదు."

"విన్నారుగా ఇప్పుడు" అంది అత్త. తర్వాత నా చేతిలోంచి ఫోను తీసుకుని ఇన్‌ఛార్జికి అక్కడే రోడ్డు మీద నిలబడి చెప్పింది, సోమవారం వస్తున్నానని. ఎందుకంత నవ్వుతున్నావని ఆవిడ అడిగినట్టుంది. "ఏం లేదమ్మా, మావారి మోకాలికి స్టీరింగు గుర్తు పడింది, అది చూసి" అంది.

సోమవారం తెల్లవారే వేళకి మామయ్య గ్యారేజీ షట్టరు పెద్ద పనివాడికి అప్పగించి, తలదువ్వుకుని, కారు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. మొదటి రోజు కదా, ఊరికే తోడన్నాడు. నాకు బడి సెలవు కాబట్టి నేనూ ఎక్కాను. దారి పొడుగునా ఆయన కుడి కాలు, అక్కడ లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

"బ్రేకు నా దగ్గరుందండీ" అంది అత్త, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మీ కాలు కాస్త విశ్రాంతి తీసుకోవచ్చు."

ఊరి బయట పెద్ద మలుపు వచ్చింది. ఎదురుగా లారీ. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి లారీ వెనక్కి వెళ్లిపోయింది, అత్త ఏదో కూనిరాగం తీస్తోంది. బ్రేకు తొక్కలేదు, ఉలిక్కిపడలేదు. మామయ్య ఆవిడ వైపే చూస్తున్నాడు. నాకు ఆ క్షణం ఇద్దరినీ వెనక నుంచి వాటేసుకోవాలనిపించింది, కానీ తోలేవాళ్లని అలా చేయకూడదని ఊరుకున్నాను.

కొత్త భవనం ముందు అత్త ఒక్క తిప్పులో కారుని గీతల మధ్య నిలబెట్టింది. సంచీ భుజాన వేసుకుని, "మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు బండి నాకు కావాలి, మీరు బస్సుకి వెళ్లండి. ఈపాటికి మొదటి బస్సు వస్తూ ఉంటుంది" అని చెప్పి గబగబా లోపలికి నడిచింది. మెట్ల మీదే ఎవరో బుడతడు "చీమ!" అని కేకేశాడు.

మేమిద్దరం కారు పక్కన దిక్కులు చూస్తూ నిలబడ్డాం. బస్సెక్కి ఎన్నాళ్లయిందో మామయ్యకే గుర్తులేదు. గేటు దగ్గరున్న కాపలా మనిషి మా వైపు వచ్చాడు. మామయ్య చేతుల మీది గ్రీజు మరకలు చూశాడు, కారు చూశాడు.

"డ్రైవర్లు ఇక్కడ నిలబడకూడదండీ. అదుగో, ఆ షెడ్డులో కూర్చోవాలి."

ఊళ్లో అంత పేరున్న మేస్త్రీకి ఆ మాటతో ఎక్కడ కోపమొస్తుందోనని నేను అడ్డుపడబోయాను. మామయ్య నవ్వాడు. అంత పొడుగు మనిషీ ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు.

"డ్రైవరు లోపలికి డ్యూటీకి వెళ్లిందయ్యా" అన్నాడు. "నేను ఆవిడ మొగుణ్ని. బస్సు ఎక్కడ ఆగుతుందో కాస్త చెబుతావా?"